మొగలిపాటి గెడ్డలో ఈసులమ్మ వెలసిన వైనం

పూర్వం, ఇప్పుడు ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు ఆకాశాన్ని అంటుకుని నిలిచిన ఈ నేల మీద, మొగలిపాడు అనే గ్రామం ఉండేది. తూర్పున సముద్రం, పడమట ఎర్రమట్టి మెట్ట, ఆ రెంటి నడుమ వంపులు తిరుగుతూ పారే ఒక గెడ్డ, ఆ గెడ్డకు ఇరుదరుల దట్టంగా అల్లుకున్న మొగలిపొదలు. తొలకరి పడిన తరువాత ఆ పూల పరిమళం పొలిమేర దాటి బాటసారికి ఎదురు వచ్చేదని, చూపులేనివాడు సైతం మొగలిపాటికి దారి అడగనక్కరలేకపోయేదని పెద్దలు చెబుతారు. ఆ ఊరి దేవత మొగలమ్మ. ఆమెను ఏ రాజూ ప్రతిష్ఠించలేదు, ఏ మునీ తపస్సు చేసి రప్పించలేదు. పూలు కోయబోయిన ఒక పల్లెపడుచు కత్తి పొద లోపల రాతికి తగిలి ఖంగుమనగా, ఆకులు తొలగించి చూస్తే పనసపండంత నల్లని శిల, దాని నడినెత్తిన పాపట బొట్టు వంటి ఎర్రని చార కనబడినవి. ఊరివారు భయభక్తులతో ఆ శిలను మెట్ట మీదికి తెచ్చి, తాటాకు గుడి వేసి, తల్లీ అని కొలుచుకున్నారు.

ఆ శిలను కనుగొన్న పడుచు మెట్టిన వంశానికి ఒక గౌరవం దక్కింది. ఏటేటా అమ్మవారి పండగనాడు పసుపు పూసి వేపమండలు కట్టిన కొత్త కుండను, ఘటమని పిలిచేదానిని, తలకెత్తుకుని ఊరంతా తిరిగే అధికారం ఆ ఇంటి పెద్దకోడలిది. ఘటం వస్తుంటే గుమ్మం గుమ్మానా బిందెలతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళు కడిగేవారు. వయసులో ఎంత పెద్దవారైనా ఆ ఒక్కనాడు ఆమె పాదాల దగ్గర వంగేవారు. మన కథాకాలానికి ఆ ఇంటి పెద్దకోడలు దాలమ్మ. ఒడ్డూ పొడుగూ గల మనిషి, పనిలో దిట్ట, మాటలో కరకు. దైవభక్తి నిండుగా ఉన్నది. కానీ ఆ భక్తి పక్కనే, ఒకే దొడ్డిలో కట్టిన రెండు ఆవుల్లాగా, ఊరివారు ఈసు అని పిలిచే ఓర్వలేనితనం కూడా ఉండేది.

ఆ ఓర్వలేనితనమంతా తోడికోడలు పారమ్మ మీద. పారమ్మ దాలమ్మ కంటె చిన్నది, సన్ననిది, నెమ్మదైనది. అత్త ఎర్నమ్మ ఇద్దరినీ సమంగానే చూసేది. అయినా చిన్నకోడలికి కూర వడ్డించేటప్పుడు అత్త గరిటె ఒక క్షణం ఎక్కువసేపు ఆగినట్టు దాలమ్మకు తోచేది. పారమ్మ నవ్వితే తనను చూసి నవ్విందనుకునేది, నవ్వకపోతే తన మీద మొగం ముడుచుకుందనుకునేది. మామగారు కాలం చేసిన పిమ్మట దాలమ్మ మొగుడు గంగులు, పారమ్మ మొగుడు అప్పలసూరి అన్నదమ్ములిద్దరూ వేరుపడదలచినప్పుడు, పంపకానికి కూర్చున్న పెద్దల ముందుకు దాలమ్మ తానే వచ్చి నిలబడింది.

"ముందు పుట్టినోలికి ముందు కోరుకునే అక్కుంది. గెడ్డ పక్క పల్లం మాకు రాయండి," అన్నది.

ఆ పల్లం బంగారం వంటి భూమి. నీటికి కొదవలేదు, రెండు పంటలు తప్పవు. మిగిలినది మెట్ట మీది గులకనేల; ఉలవలూ చోళ్ళూ తప్ప మరేమీ మొలవవు. గంగులు మొగమాటంతో తల వంచుకున్నాడు. పారమ్మ మాత్రం చెంగు సర్దుకుని, తోడికోడలిని అప్పా అని అక్క వరసతో పిలుస్తూ, "ఏదైతేనేటప్పా, రెండూ మామ సెమటోడ్సిన బూములే గదా," అన్నది. ఆ మాటకు పెద్దలంతా మెచ్చుకోలుగా తలలాడించారు. దాలమ్మకు మాత్రం గెలిచిన రుచి నాలుక మీదనే చేదెక్కిపోయింది. తక్కువ వాటా తీసుకున్నది ఏడవకపోతే, ఎక్కువ వాటా తీసుకున్నదానికి మిగిలే సంతోషమేమిటి?

కొంతకాలం గడిచింది. ఒకనాడు ఎర్రజెండాలు కట్టిన కర్రలతో, మూడుకాళ్ళ దుర్భిణీలతో కొందరు మనుషులు మెట్ట మీద తిరగడం మొగలిపాటివారు చూశారు. సముద్రం దగ్గర, రైలు దగ్గర, నేల గట్టిది. ఇనుము కరిగించి ఉక్కు చేసే గొప్ప కర్మాగారానికి ఇంతకన్న అనువైన చోటు లేదని తేలింది. మెట్ట అంతా కంపెనీ తీసుకున్నది. మెట్ట మీద భూములు, ఇళ్ళు పోయినవారికి కొలువులు ఇచ్చి, కాలనీ కట్టించి, పక్కా ఇళ్ళలో దింపింది. పల్లం జోలికి మాత్రం రాలేదు. ఊరి మధ్యగా, సరిగ్గా మెట్టా పల్లమూ కలిసేచోట, ఏనుగు ఎత్తున గోడ లేచింది. ఊరు రెండయింది. అప్పలసూరి కొలిమి దగ్గర కొలువులో చేరాడు. పారమ్మ ఇంటికి కొళాయి వచ్చింది, గోడ మీద మీట నొక్కితే దీపం వచ్చింది, తలమీద తిరిగే పంకా వచ్చింది.

దాలమ్మ పల్లానికి వచ్చినది ధూళి. వరి పాలు పోసుకునే వేళకు కంకుల మీద నల్లని పొడి పేరుకునేది, గింజ తాలుగా మారేది. ఉతికి ఆరవేసిన చీర సాయంత్రానికి బొగ్గుల గోనెలా అయ్యేది. నూతి నీరు తుప్పు వాసన కొట్టేది. గెడ్డ పొడుగునా ఉన్న మొగలిపొదలు ఒక్కొక్కటే ఎండి, వంపు దగ్గర కొన్ని మాత్రం మిగిలాయి. చీకటి పడుతుండగా దాలమ్మ అరుగు మీద కూర్చుని గోడ అవతల కాలనీలో వరసగా వెలిగే దీపాలను చూసేది. అన్ని దీపాల్లోనూ పారమ్మ కిటికీ దీపం ఏదో ఆమె పోల్చుకోగలదు. అది వెలిగిన క్షణాన ఎవరో కంట్లో కారం చల్లినట్టు మొగం తిప్పుకునేది, మళ్ళీ చూసేది.

"అక్కడ రాల్లు మొలిసే బూమిచ్చి కొలువు కొట్టేసేరు," అని ఒకనాడు మొగుడి దగ్గర బావురుమంది.

"ఆ రాల్ల బూమి వొద్దన్నది నువ్వే గదే," అన్నాడు గంగులు, బీడీ ఆర్పుతూ.

"ఆ మాటొక్కటీ అనకు మావా," అని లేచి లోపలికి పోయింది. మొగుడు చెప్పినది నిజం కావడమే ఆమె తట్టుకోలేకపోయింది.

పారమ్మ మాత్రం రాకపోకలు మానలేదు. అత్త ఎర్నమ్మ కాలనీ ఇంట్లో ఊపిరాడటం లేదని పాత ఇంట్లోనే పెద్దకోడలి దగ్గర ఉండిపోయింది. ఆమెను చూడటానికి చిన్నకోడలు గేటు దాటి వచ్చేది, వచ్చేటప్పుడు బిందెతో కొళాయి నీళ్ళు తెచ్చేది. దాలమ్మ ఆ నీళ్ళు ఎవరూ చూడకుండా గటగటా తాగి, తరువాత బిందె తిరిగి ఇచ్చేటప్పుడు, "మీ కొళాయి నీలు మందుకంపు కొడతన్నాయే," అనేది. పారమ్మ నవ్వి బిందె చంకనెత్తుకునేది. మరునాడు మళ్ళీ తెచ్చేది.

ఇట్లుండగా మొగలమ్మ గుడి సంగతి వచ్చింది. గుడి మెట్ట మీద, కంపెనీ సరిహద్దు లోపల పడింది. అధికారులు మర్యాద గలవారే. ఊరి దేవతను అవమానించదలచక, కాలనీ నడిబొడ్డున సిమెంటు గుడి కట్టించి, పండగనాడు అమ్మవారిని ఘటంతో సహా అక్కడికి తరలించమన్నారు. కాలనీ పెద్దలు కూర్చుని, తల్లి కాలనీకి వస్తున్నది గనుక ఘటం కూడా కాలనీలో ఉన్న కోడలే మోయాలని, ఆ వంశపు కోడలు పారమ్మ ఉండనే ఉన్నదని తీర్మానించారు.

ఆ కబురు పారమ్మే మోసుకు వచ్చింది. చంకలో బిందె బదులు ఎర్రంచు పసుపు చీర ఒకటి, మడత విప్పనిది, చేత్తో పట్టుకుని అరుగు కింద నిలబడింది.

"అప్పా, ఘటం నన్ను మొయ్యమంటన్నారు. నువ్వు మోస్తానంటే నాను నీ ఎనక నడుస్తాను. నువ్వొద్దంటే నాను మొయ్యను."

"నానెందుకొద్దంటాను?" అన్నది దాలమ్మ, చేటలో బియ్యం మీంచి తల ఎత్తకుండా. "కొలువు తీసుకున్నారు, కొళాయి తీసుకున్నారు. అమ్మోరొక్కతే గదా మిగిలింది. తీసుకో."

"నాను తీసుకోడమేటప్పా? ఆ గోడ కట్టినోలు మనల్ని అడిగి కట్టేరా?"

"ఆ సీర పట్టుకెలిపో. నాకు నప్పదు."

పారమ్మ చీరను అట్లాగే పట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటేదాకా చూసి దాలమ్మ చేట పక్కన పెట్టేసింది. ఎర్రంచు పసుపు చీరంటే తనకు ప్రాణం. ఆ సంగతి పారమ్మకు తెలియడం, తెలిసి ఏరికోరి అదే తేవడం, చీరకన్న ఎక్కువగా ఆమె కడుపులో మండింది.

పండగ ముందటి రోజు, ఎండ నిప్పులు చెరుగుతుండగా జనమంతా నీడ పట్టున ఉన్న వేళ, దాలమ్మ పూలబుట్ట తీసుకుని మెట్ట ఎక్కింది. ఘటం ఇంటి కోడలు గుడికి పోతున్నదంటే కావలివాడు అడ్డగించలేదు. గుడి లోపల నిలిచి ఆమె ఒక్కసారి అమ్మవారికి దండం పెట్టుకుంది. "తల్లీ, నన్నొగ్గీసి దాని గుమ్మంలోకెలతావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా శిలను రెండు చేతులా పట్టి ఎత్తింది. మగవాళ్ళు ఇద్దరు పట్టవలసిన రాయి పూలబుట్టంత తేలికగా లేచి వచ్చింది. దాని మీద ఆకులు కప్పి తలకెత్తుకుని, నెత్తిన దైవం, గుండెలో దొంగతనం మోసుకుంటూ, గెడ్డ వంపులో మిగిలిన మొగలిపొదల నడుమకు చేర్చి, రాళ్ళు పేర్చి దాచింది.

మరునాడు డప్పులు మోగుతుండగా పసుపు నీళ్ళతో తడిసిన పారమ్మ ఘటం తలకెత్తుకుని పాత గుడి వాకిట నిలిచింది. లోపలికి వెళ్ళిన పూజారి వట్టి చేతులతో బయటికి వచ్చాడు. డప్పులు ఆగిపోయాయి. ఎవరో ఒకడు, తల్లికి ఇష్టం లేక లేచిపోయిందన్నాడు. ఇంకెవరో, ఘటం మోసే చెయ్యి మంచిది కాదన్నారు. ఆ మాట గుంపులో నోళ్ళు మారి, పారమ్మ దాకా వచ్చేసరికి ఆమె పుట్టిల్లూ నడతా అన్నీ అందులో చేరాయి. కాలనీ పెద్దలు సైతం మొగాలు తిప్పుకున్నారు. పారమ్మ ఘటాన్ని దించింది. కుండలోని నీళ్ళు ఆమె కాళ్ళ మీద ఒలికాయి. ఆ కాళ్ళు కడగటానికి ఎవ్వరూ రాలేదు. దాలమ్మ గుంపు వెనకనుంచి ఇదంతా చూసి, ఇంటికి పోయి, చాలా కాలానికి కడుపునిండా అన్నం తిన్నది.

ఆ తృప్తి నిలవలేదు. చిన్నకోడలు మంచం పట్టిందని విని ఎర్నమ్మ బట్టల మూట కట్టుకుంది. "దాని మొగం సూడనేకపోతన్నాను దాలీ. కాలనీకెలతాను," అని, ఊపిరాడదన్న ఆ ఇంటికే పోయి అక్కడే ఉండిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గంజి, పళ్ళు పట్టుకుని పారమ్మను చూడబోయేవారు. దాలమ్మకు ఇప్పుడు పారమ్మ దుఃఖం మీదనే అసూయ పుట్టింది. తాను ఇంత ఏడ్చినా తన గుమ్మంలోకి గంజి తెచ్చినవారు ఎవరు?

ప్రతిదినం గెడ్డలోకి దిగి, శిలకు పసుపు రాసి, దీపం పెట్టేది. తల్లి అంతా తనదే, పంచుకునేవారు లేరు. అయినా కళ్ళు మూసుకుని కోరిక కోరుకోబోతే నోటికి వచ్చేది పారమ్మ పేరే. పారమ్మ దీపం ఆరిపోవాలి, పారమ్మ కొళాయి ఎండిపోవాలి, పారమ్మ... తనకంటూ ఏమి కావాలో ఆమెకు తోచేది కాదు. తల్లి ముందు కూర్చుని ఆమె తలచినదంతా తోడికోడలినే.

వానలు రావలసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గంగులు అన్నం ముందు కూర్చుని మాటవరసకు అన్నాడు: "సిట్టెం బండ్లకి గెడ్డ ఒడ్డు దాకా పట్టాలేసేరు. ఈ పూట నుంచి మొగలిపొదల మీదే కుమ్మరిస్తారంట."

చిట్టెమంటే ఇనుము కరిగించగా పైకి తేలే మురికి. కంపెనీవారు స్లాగు అంటారు. చల్లారితే నల్లని బండ. కొలిమి నుంచి వచ్చినప్పుడు మాత్రం ఎర్రగా కాగి, తేనెలా చిక్కగా పారే నిప్పు. దాలమ్మ గరిటె అక్కడే పడేసింది. చేయి కడగకుండానే బుట్ట తీసుకుని గెడ్డ వైపు పరుగెత్తింది.

పొదల నడుమ రాళ్ళు తొలగించి, మునుపటిలాగే రెండు చేతులా శిలను పట్టి ఎత్తబోయింది. కదలలేదు. కాళ్ళు తన్నిపెట్టి బలమంతా పెట్టింది. నేల లోపలికి వేళ్ళు తన్నుకున్న చెట్టులా ఉన్నది. ఆనాడు పూలబుట్టంత తేలికగా వచ్చిన తల్లి ఇప్పుడు గోరంత కూడా జరగలేదు. "రా తల్లీ, కాలిపోతావే, రా," అని గోళ్ళు విరిగేలా మట్టి తవ్వుతుండగా, వెనక ఆకుల చప్పుడైంది. అత్త బట్టల మూటలో పెట్టడానికి మొగలిరేకు కోసుకుపోదామని, ఊళ్ళో మిగిలినవి ఈ పొదలే గనుక, జ్వరం తగ్గి తిరుగుతున్న పారమ్మ ఆ వేళకే అటు దిగింది. ఆమె చేతిలో కత్తి ఉన్నది. శిలను చూసింది, శిల మీది తాజా పసుపును చూసింది, తోడికోడలి మట్టి చేతులను చూసింది. అడగవలసినది ఏమీ మిగలలేదు.

"నువ్వా అప్పా," అన్నది. కేక పెట్టలేదు. కత్తి కింద పడేసి అక్కడే కూలబడింది. "నాను పాపిస్టిదాన్నని నాకే నమ్మకం కలిగిపోయింది గదే."

దాలమ్మ నోరు తెరవకముందే పైన కంపెనీ కూత వినబడింది. రోజూ వినే కూతే అనుకున్నారు ఇద్దరూ. పైన ఒడ్డు మీద నిలిచిన బండ్లవారికి కింద మనుషులున్నారని తెలియదు. బండి మీది చిట్టెపు ఇనుపకుండ వంగింది, ఒడ్డు అంచున ఎర్రని వెలుగు పొంగి కిందికి జారటం మొదలైంది.

"పారీ, ఎలిపో!" అని అరిచింది దాలమ్మ.

పారమ్మ లేచి అవతలి దరి ఎక్కింది. అక్కడినుంచి నాలుగు అంగలు వేస్తే ప్రాణం దక్కుతుంది. దాలమ్మ మాత్రం శిలను వదలలేదు. దానిని కావలించుకుని ఇంకా లాగుతూనే ఉన్నది. పారమ్మ తిరిగి చూసింది, ఒక్క క్షణం తటపటాయించింది, దూకి మళ్ళీ కిందికి వచ్చింది.

"ఆ పక్క నువ్వు పట్టు, ఈ పక్క నాను పడతాను. ఎత్తు!"

ఇద్దరూ కలిసి ఎత్తినా తల్లి లేవలేదు. ఈలోగా పై పొదలు భగ్గుమన్నాయి. మొగలిపూల వాసన, కాలిన ఆకుల వాసన ఒక్కటై కమ్ముకుంది. నిప్పుల వాగు సరాసరి వారి మీదికే వస్తున్నది. ఇక పోవడానికి దారి లేక ఇద్దరూ శిల వెనక ముడుచుకుని ఒకరినొకరు పట్టుకున్నారు. అప్పుడు జరిగినది పైనుంచి చూసిన కార్మికులు చాలామంది ఉన్నారు. వారందరూ ఒకే విధంగా చెప్పారు. పై నుంచి పారుతున్న చిట్టెం శిలకు బారెడు దూరాన, అక్కడ మిట్ట గాని గోతి గాని లేకుండానే, ఆగి, పాపట తీసినట్టు రెండుగా చీలి, తల్లికి కుడినుంచి ఒక పాయ, ఎడమనుంచి ఒక పాయగా పారిపోయింది. ఆ రెండు పాయల మధ్య ఆడవాళ్ళిద్దరూ మిగిలారు.

వేడికి కనురెప్పలు కమిలాయి. గొంతులు పిడచకట్టుకుపోయాయి. శిల మాత్రం కొత్త కుండలా చల్లగా ఉన్నది. ఇద్దరూ చెరొక చెంపా దానికి ఆనించారు.

"అప్పా, ఏటో ఒకటి మాటాడు," అన్నది పారమ్మ. "మాటాడకపోతే నువ్వు సచ్చిపోనావనిపిస్తంది."

"ఏటి మాటాడను?"

"ఎందుకు దాచేవో సెప్పు."

దాలమ్మ కళ్ళు మూసుకుంది. "నీ దీపం. సందేల అది ఎలిగితే నాకు కంట్లో కారం కొట్టినట్టుండేది. నీ కొళాయి నీలు ఎవులూ సూడకుండా తాగి, కంపు కొడతన్నాయని సెప్పేను. అందరూ నిన్ను తిడతంటే ఇంటికెల్లి కడుపునిండా తిన్నాను. నీకు జొరమొస్తే గంజి తెచ్చినోల మీద కూడా నాకు ఈసే."

చాలాసేపు పారమ్మ పలకలేదు. దాలమ్మ ఆమె భుజం కుదిపింది.

"బతికే ఉన్నాను," అన్నది పారమ్మ. "నీలు కంపు కొట్టవని నాకు తెల్దా? నువ్వు తాగతావని తెలుసు, తాగి ఏడుస్తావనీ తెలుసు. అందుకే రోజూ తెచ్చేదాన్ని. నాకు మాత్తరం ఈసు నేదనుకున్నావా? ఊరు నీకుండిపోయింది. అత్త నీకాడుండిపోయింది. నాను ఏరుపడి కాపరమెట్టిన గుమ్మాన్ని ఆల మిసన్లు నా కల్ల ముందే దున్నేసేయి. కాలనీలో నన్ను పేరెట్టి పిలిసినోలు నేరు, ఇంటి నెంబరెట్టి పిలుస్తారు. ఆ సీర నీకిట్టమని తెలిసే తెచ్చేను. నువ్వు కట్టుకుంటే, ఇచ్చింది నానని ఊరంతా సూడాలని."

దాలమ్మ ఆశ్చర్యపడి ఆమె మొగం వంక చూసింది. ఇన్నేళ్ళుగా ఏ లోపమూ లేనిదని తాను కుళ్ళుకున్న ఆ మొగంలో తన మొగమే ఉన్నది. మసి పట్టి, కమిలి, అచ్చం తన మొగమే.

"పాడుముండా," అన్నది దాలమ్మ.

"నువ్వు గాదేటి," అన్నది పారమ్మ. ఇద్దరూ ఇంకాస్త దగ్గరికి జరిగారు.

దీపాలు పెట్టే వేళకు చిట్టెం పైన నల్లని పొర కట్టింది. అప్పలసూరి, గంగులు, మరి కొందరు కార్మికులు దాని మీద తడి ఇసుక పోసి, ఇనుపరేకులు పరచి, ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని ఇవతలికి చేర్చారు. అప్పటికే కాలనీ, పల్లం ఒడ్డు మీద కిక్కిరిసి ఉన్నాయి. కింద ఆ రెండు పాయల మధ్య మొగలమ్మ శిల కనబడగానే జనం దండాలు పెట్టారు. ఆ వెంటనే ప్రశ్న పుట్టింది: మెట్ట మీది తల్లి గెడ్డలోకి ఎట్లా వచ్చింది? పారమ్మకు జవాబు తెలుసు. తన మీద పడిన నింద ఒక్క మాటతో తీరిపోతుంది. ఆమె ఆ మాట అనలేదు. తోడికోడలి వంక చూసింది.

దాలమ్మ కాలిన చెంగు నడుముకు దోపుకుని జనం నడుమకు నడిచింది. "నానే ఎత్తుకొచ్చేను," అన్నది. "తల్లి లేచిపోనేదు. దీని చెయ్యి మంచిదే. నాకు దీని మీద ఈసు. ఆ ఈసు తోటి నెత్తినెట్టుకుని తెచ్చి ఇక్కడ దాచేను."

కోపంతో కొందరు ముందుకు వచ్చారు. వెలి వేయాలన్నారు, తప్పు కింద జరిమానా వేయాలన్నారు. గంగులు సిగ్గుతో నేల చూపులు చూశాడు. అప్పుడు ముసలి ఎర్నమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చి పెద్దకోడలి పక్కన నిలబడింది.

"బత్తి తోటి మోసినోలు మన ఇంట్లో శానామంది," అన్నది. "ఆలు ఏ గుడిలో దింపితే తల్లి ఆ గుడిలోనే కూకుంది. ఇది ఈసు తోటి మోసింది. మరి అప్పుడు తల్లి బరువెందుకవనేదు? దీని నెత్తి మీద పువ్వునాగెందుకొచ్చింది? గోడకి ఆ పక్కా కాదు, ఈ పక్కా కాదు, ఈ గెడ్డలోకే రావాలనుకుంది. ఎలాగ రావాలో అలాగొచ్చింది. మీకు సేతనైతే ఎత్తుకెల్లండి."

వయసు కుర్రాళ్ళు పట్టారు, మోకులు కట్టి లాగారు. కంపెనీ మిషను వచ్చి గొలుసు వేసి లాగితే గొలుసు తెగింది గాని తల్లి కదలలేదు. అధికారులు ఆలోచించి, కాలనీలో కట్టిన సిమెంటు గుడిని బడి కింద మార్చి, శిల మీదికి చిట్టెం రాకుండా ఇరుపక్కలా పోయమని ఆజ్ఞ ఇచ్చారు. ఏళ్ళ తరబడి పోయగా పోయగా ఆ రెండు పాయలూ రెండు నల్లని గుట్టలుగా పెరిగి, తల్లికి రెండు చేతుల్లాగా నిలిచాయి. ఆనాడు దాలమ్మ నోట వచ్చిన మాటనుబట్టి జనం మొదట వెక్కిరింపుగానే ఈసులమ్మ అన్నారు. ఆ వెక్కిరింపు క్రమంగా మొక్కుగా మారింది. ఆ పేరు ఎవరు పలికినా దాలమ్మకు తన తప్పు వినబడేది. మార్చమని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ తరువాత తోడికోడళ్ళిద్దరూ పాలూ నీళ్ళలా కలిసిపోయారని చెబితే అబద్ధమవుతుంది. పారమ్మ కొళాయి నీళ్ళు తేవడం మానలేదు, దాలమ్మ వంక పెట్టడమూ మానలేదు. తేడా అల్లా, అందరి ఎదుటా తాగి మరీ వంక పెట్టేది. మరుసటి ఏడు పండగకు రెండు ఘటాలు లేచాయి. కాలనీ నుంచి పారమ్మ, పల్లం నుంచి దాలమ్మ. తన ఘటం కన్న దాని ఘటానికి వేపమండలు ఎక్కువ కట్టారని దాలమ్మ దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చిందట.

ఈనాటికీ ఆ చోటు చూడదలచినవారికి కర్మాగారపు తూర్పు గోడ పక్కన రెండు చిట్టెపు గుట్టల నడుమ, నెత్తిన కప్పు లేకుండా, నడినెత్తి మీద ఎర్రని చారతో ఈసులమ్మ తల్లి దర్శనమిస్తుంది. గుట్టలు ఎండకు పెనంలా కాలిపోతున్నా శిల చల్లగానే ఉంటుంది. ఈ తల్లి దగ్గరికి ఒంటరిగా వచ్చి మొక్కడం ఆనవాయితీ కాదు. ఎవరి మీద ఈసు ఉన్నదో వారిని వెంటబెట్టుకుని రావాలి. అక్కచెల్లెళ్ళు వస్తారు, తోడికోడళ్ళు వస్తారు. ఒకరికి పై ఉద్యోగం వచ్చి మరొకరికి రాని కార్మికులు నెత్తిన ఇనుపటోపీలతోనే, డ్యూటీ దిగి నేరుగా వస్తారు. శిలకు చెరొకవైపు నిలిచి, ఎదుటివారిలో తమను కాల్చేది ఏమిటో పైకి చెప్పాలి. ఇద్దరూ చెప్పేదాకా పూజారిణి బొట్టు పెట్టదు. కొందరు అక్కడే ఏడుస్తారు, కొందరు అక్కడే పోట్లాడుకుంటారు. తల్లి ఎవరినీ వెళ్ళగొట్టిన దాఖలా లేదు.

పండగనాడు కంపెనీ గోడలోని గేటు రోజంతా తెరిచి ఉంచుతారు. రెండు ఘటాలు రెండు దిక్కుల నుంచి వచ్చి గుట్టల మొగదల కలుసుకుంటాయి. ఆనాడు నిప్పు వదిలిన తోవ చాలా ఇరుకు. ముందొకరు వెనకొకరుగా పోవడానికి ఎవరికీ అనుమతి లేదు. పక్కపక్కన పోదామంటే, నెత్తిన నిండుకుండ ఉన్నవారు ఇద్దరు ఆ సందులో పట్టరు. అందుచేత కాలనీ కోడలు పల్లపు కోడలి నడుము చుట్టూ చెయ్యి వేస్తుంది, పల్లపు కోడలు కాలనీ కోడలి నడుము పట్టుకుంటుంది. అట్లా ఒకరికొకరు అతుక్కుని, ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ, ఇద్దరూ తల్లి దగ్గరికి నడుస్తారు.